జ్వరం లెక్క సరే, ఊపిరి లెక్క చూశారా?

పిల్లల డాక్టర్‌ని అడగండి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల కట్ట విప్పితే సగానికి పైగా దగ్గు, జ్వరం, నెమ్ము గురించే ఉన్నాయి. వానలు పడితే ఏటా ఇదే వరస. అందుకని పక్క తడపడం, అన్నం తినకపోవడం, ఫోన్ చూపిస్తేనే ముద్ద మింగడం లాంటివన్నీ ఈ నెల పక్కన పెట్టేశాను, ఆ ఉత్తరాలు రాసినవాళ్ళు ఏమీ అనుకోకండి, వచ్చే నెల మీదే.

ప్రశ్న: మా బాబుకి 11 నెలలు. మా పెద్దదానికి స్కూల్ నుంచి జ్వరం అంటుకుంది, అది తగ్గేలోపు బాబుకి మొదలైంది. మూడు రోజులకి వాడికీ తగ్గింది, ఆడుకున్నాడు కూడా, అమ్మయ్య అనుకున్నాం. అయిదో రోజు రాత్రి మళ్ళీ ఒళ్ళు కాలిపోయింది, తెల్లారేసరికి డొక్కలు ఎగరేస్తున్నాడు, పాలు తాగడం మానేశాడు. ఫ్లూ మీద నిమోనియా అన్నారు, తొమ్మిది రోజులు హాస్పిటల్లో ఉన్నాం, అందులో నాలుగు రోజులు ఐసీయూ. ఇప్పుడు బానే ఉన్నాడు. కానీ జ్వరం తగ్గిన రోజు నేను తలకి పోశాననీ, అందుకే నెమ్ము చేసిందనీ మా అత్తగారు ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్తున్నారు. నిజంగా నా వల్లేనా?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: కాదమ్మా, మీ వల్ల కాదు. గోరువెచ్చటి నీళ్ళతో తలకి పోసి తుడిస్తే పిల్లాడికి హాయిగా ఉంటుంది, అంతేగానీ దానివల్ల నెమ్ము రాదు. మీరు పోసిందీ జ్వరం తిరగబెట్టిందీ దగ్గర దగ్గర రోజుల్లో అయ్యేసరికి అత్తగారికి అలా అనిపించింది, పోయకపోయినా ఆ అయిదో రోజు జ్వరం వచ్చేదే.

అసలు జరిగిందేంటంటే, మన గాలిగొట్టాల లోపలి గోడకి నూగులాంటి సన్నటి వెంట్రుకలు ఉంటాయి, అవి రాత్రీ పగలూ చీపుర్లలాగా కఫాన్నీ దుమ్మునీ పైకి ఊడుస్తుంటాయి. ఫ్లూ వైరస్ ముందు వాటినే పాడుచేస్తుంది, ఆ గోడ పైపొర లేచిపోతుంది. మామూలుగా పిల్లల ముక్కులో గొంతులో న్యుమోకాకస్, స్టాఫ్ లాంటి బాక్టీరియాలు ఏ గొడవా చేయకుండా కాపురం ఉంటాయి, ఊడ్చేవాళ్ళు లేరని తెలిస్తే అవే కిందకి దిగి ఊపిరితిత్తుల్లో చీము పట్టిస్తాయి. దీనికి నాలుగైదు రోజులు పడుతుంది కాబట్టే మధ్యలో ఒకటి రెండు రోజులు పిల్లాడు తేరుకున్నట్టు కనిపిస్తాడు. మీవాడికి అదే అయింది. 1918లో బొంబాయి రేవులో దిగి దేశమంతా పాకి కోటిమందికి పైగా పొట్టన పెట్టుకున్న ఆ ఇన్‌ఫ్లుయెంజాలో కూడా ఎక్కువమందిని చివరికి చంపింది ఇలా వెనకాల వచ్చిన బాక్టీరియా నిమోనియానే, అప్పట్లో దాచిపెట్టిన ఊపిరితిత్తుల ముక్కల్ని తొంభై ఏళ్ళ తర్వాత మైక్రోస్కోప్ కింద మళ్ళీ చూసి మరీ తేల్చారు.

అందరికీ ఇలా రెండు విడతలుగానే వస్తుందని కాదు. కొంతమంది పసివాళ్ళకి వైరస్సే నేరుగా ఊపిరితిత్తుల్లోకి దిగిపోయి రెండో రోజో మూడో రోజో ఆయాసం మొదలవుతుంది. పసివాళ్ళ గాలిగొట్టాలు సన్నటి స్ట్రాల్లాంటివి, మనకి కాస్త వాపొస్తే దగ్గుతో సరిపోతుంది, అదే వాపు వాళ్ళకి సగం దారి మూసేస్తుంది. పైగా వాళ్ళ ఒంటికి ఫ్లూ పరిచయం అదే మొదటిసారి.

మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చింది ఒకటుంది. తెల్లారేసరికి డొక్కలు ఎగరేస్తున్నాడు, పాలు మానేశాడు అని రాశారు చూశారా, ఆ రెండూ గమనించి అప్పటికప్పుడు తీసుకెళ్ళారు, ఇంకో పూట చూద్దాం అనుకోలేదు. ఈసారి ఇంటికి చుట్టాలొచ్చినప్పుడు అత్తగారు మొదలుపెడితే ఈ పేజీ చేతికివ్వండి.

ప్రశ్న: డాక్టర్ బిడ్డా, నాకు డెబ్బై ఏండ్లు, ఆరుగురు పిల్లల్ని సాదిన. మా మనుమడికి సర్ది అయితే చాలు మా కోడలు దవాఖానకు ఉరుకుతది. మా కాలంల వాము మూటగట్టి కాపుడు పెట్టినం, తమలపాకుకు ఆముదం రాసి వెచ్చచేసి ఛాతి మీద ఏసినం, పిల్లలు మంచిగనే అయిండ్రు. ప్రతి సర్దికి దవాఖానకు పోవుడు అవసరమా?
– ఒక నానమ్మ, జగిత్యాల

జవాబు: ప్రతి సర్దికీ అక్కర్లేదు పెద్దమ్మా, ఆ విషయంలో నేను మీవైపే. నూటికి తొంభై సర్దులు వాటంతటవే పోతాయి. ఆ తొంభైలో మీరు తమలపాకు వేసినా తగ్గేది, వేయకపోయినా తగ్గేది. చిక్కంతా మిగతా వాటితోనే, అవి ఏవో మొదట్లోనే ఎలా కనిపెట్టాలి అన్నదే అసలు ప్రశ్న.

జ్వరం ఎంతుందో చూసి కనిపెట్టలేం. నేను చూసిన పిల్లల్లో 104 జ్వరంతో ఇల్లంతా పరిగెత్తేవాళ్ళు ఉన్నారు, 100 కూడా దాటకుండా ఊపిరందక నీలంగా మారిపోయినవాళ్ళూ ఉన్నారు, బాగా బక్కచిక్కిన పిల్లలకైతే నిమోనియాలో జ్వరమే రాకపోవచ్చు. దగ్గు చప్పుడు చూసి కూడా చెప్పలేం, గల్లగల్లమని ఊరంతా వినిపించేలా దగ్గేవాడు తరచుగా బానే ఉంటాడు. చూడాల్సింది ఊపిరి. మీకు ఇది కొత్తేం కాదు, ‘డొక్కలెగరేస్తున్నడు’ అనే మాట పుట్టించింది మీలాంటి పెద్దవాళ్ళే, మేం మెడికల్ కాలేజీలో అయిదేళ్ళు చదివి నేర్చుకునే గుర్తు కూడా అదే.

ఒకసారి మీ కోడలితో కలిసి ఇలా చేయండి. మనుమడు నిద్రపోయేటప్పుడో, ఏడవకుండా ఒళ్ళో ఊరికే ఉన్నప్పుడో చొక్కా పైకెత్తండి. పాలు తాగేటప్పుడు వద్దు. లైటు వేసుకోండి. పొట్ట, ఛాతి కలిసే చోట చూపు నిలపండి. ఫోన్‌లో ఒక నిమిషం టైమర్ పెట్టి, పొట్ట ఒకసారి లేచి దిగితే ఒకటి, అలా నిమిషం నిండేదాకా. అర నిమిషం లెక్కపెట్టి రెండింతలు వేసుకోవద్దు, పసిపిల్లలు కాసేపు గబగబా పీల్చి కాసేపు ఆగినట్టు చేస్తారు, లెక్క తప్పుతుంది. రెండు నెలల లోపు పిల్లలకి నిమిషానికి 60 గానీ అంతకు ఎక్కువ గానీ ఉంటే, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి అయిదేళ్ళ లోపు 40, ఆ అంకె తాకిందంటే డాక్టర్ చూడాల్సిందే. జ్వరం బాగా ఉన్నప్పుడు ఊపిరి కాస్త వేగం అవుతుంది, అందుకని పారాసెటమాల్ వేశాక అరగంటో గంటో ఆగి ఇంకోసారి లెక్కపెట్టండి.

లెక్క అయ్యాక ఇంకొక్క నిమిషం ఊరికే చూడండి. గాలి పీల్చినప్పుడు కింది పక్కటెముకల దగ్గర చర్మం గుంటపడి లోపలికి పోతుంటే, ముక్కుపుటాలు ఎగురుతుంటే, ప్రతి ఊపిరికీ మూలుగులాగా చప్పుడొస్తుంటే లెక్కతో పని లేదు, బయల్దేరాలి. పాలు తాగలేకపోవడం, తాగిందంతా కక్కేయడం, ఫిట్స్, లేపినా కళ్ళు తెరవకుండా మగతగా ఉండటం, పెదాలు నీలంగా మారడం, ఇందులో ఏ ఒక్కటి కనిపించినా రాత్రి రెండింటికైనా సరే బయల్దేరాలి. రెండు నెలల లోపు పసిగుడ్డుకైతే ఒట్టి జ్వరం వచ్చినా చూపించాలి.

ఇక మీ వాము మూట, తమలపాకు సంగతి. చర్మం కాలనంత వెచ్చగా ఉంటే వాటివల్ల చెడు లేదు, బిడ్డకి హాయిగా ఉంటుందేమో కూడా. గదిలో సాంబ్రాణి పొగ, వాము పొగ మాత్రం వద్దు, అసలే ఊపిరందనివాడికి పొగ పెట్టినట్టే. ముక్కులో నూనె చుక్కలు వేయడం అసలే వద్దు, అది జారి ఊపిరితిత్తుల్లోకి పోతే అదొక వేరే రకం నిమోనియా. కర్పూరం, విక్స్ లాంటివి రెండేళ్ళలోపు పిల్లలకి రాయొద్దు. తేనె ఏడాది నిండాక అరచెంచా ఇవ్వండి, దగ్గుకి బానే పనిచేస్తుంది, ఏడాది లోపు మాత్రం నాలుకకి కూడా తగిలించొద్దు. నెమ్ముకి పొట్ట మీద వాతలు పెట్టడం ఇప్పటికీ అక్కడక్కడా చూస్తున్నాను, ఆ పిల్లలు ఒక జబ్బుతో రావాల్సింది రెండు జబ్బులతో వస్తారు.

ప్రశ్న: మా పాపకి రెండేళ్ళు. జ్వరం, దగ్గు వస్తే పిల్లల డాక్టర్ చూసి వైరల్ అన్నాడు, యాంటీబయాటిక్ రాయలేదు, మూడు రోజులాగి రమ్మన్నాడు. నాకు నమ్మకం కుదరక మా ఊరి ఆర్ఎంపీ దగ్గరికి పోతే ఒక సూది, యాంటీబయాటిక్, రెండు రకాల దగ్గు సిరప్‌లు ఇచ్చాడు, రెండు రోజుల్లో తగ్గిపోయింది. ఎవరు కరెక్ట్? ఫ్లూకి టామీఫ్లూ అనే మందుంది అంటున్నారు, అది ఇంట్లో తెచ్చి పెట్టుకోవచ్చా?
– ఒక తండ్రి, అనంతపురం

జవాబు: పిల్లల డాక్టరే కరెక్ట్ అండీ. నాలుగో రోజు ఎటూ తగ్గే జ్వరానికి రెండో రోజు సూది వేస్తే పేరు సూదికి పోతుంది, ఆర్ఎంపీల పలుకుబడిలో సగం ఇలా వచ్చిందే. యాంటీబయాటిక్ వైరస్‌ని ఏమీ చేయలేదు, పాపకి విరేచనాలు పట్టుకోవడం తప్ప. పైన తెనాలి బాబుకి వచ్చినట్టు వెనకాల బాక్టీరియా దిగినప్పుడు మాత్రం అదే యాంటీబయాటిక్ ప్రాణం కాపాడుతుంది, ముందే ప్రతి దగ్గుకీ వాడేసి ఉంటే ఆ రోజుకి అది మొద్దుబారిపోయి ఉండొచ్చు. మూడు రోజులాగి రమ్మనడం అంటే మిమ్మల్ని వదిలించుకోవడం కాదు, అది కూడా వైద్యమే. కాకపోతే ఆ డాక్టర్ గారు ‘ఈ మధ్యలో ఊపిరి ఇలా అయితే వెంటనే రండి’ అని కూడా చెప్పి ఉండాల్సింది, చెప్పలేదంటే అది మావాళ్ళ తప్పు, బయట ఇంకో నలభై మంది కూర్చుని ఉంటారు, నిజమే, కానీ ఆ ఒక్క వాక్యానికి పది సెకన్లు పడుతుంది.

దగ్గు సిరప్‌ల గురించి మాత్రం గట్టిగా చెప్తున్నా. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన జలుబు మందులు నాలుగేళ్ళలోపు పిల్లలకి వాడొద్దని 2023 డిసెంబర్‌లోనే కేంద్ర ఔషధ నియంత్రణ వాళ్ళు సీసా మీద రాయమన్నారు. 2025 అక్టోబర్‌లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో విషం కలిసిన సిరప్ తాగి పిల్లలు చనిపోయాక, రెండేళ్ళ లోపు అసలు వద్దు, అయిదేళ్ళ లోపు మామూలుగా అక్కర్లేదు అని కేంద్రం ఇంకోసారి చెప్పింది. ఒకవేళ సీసాలో ఏ కల్తీ లేకపోయినా, ఈ సిరప్‌లు నిమోనియాని ఆపవు, పిల్లల్ని మగతగా పడుకోబెడతాయి, ఆ మగత మందు వల్లో జబ్బు వల్లో అర్థంకాక మేం తల పట్టుకోవాలి.

టామీఫ్లూ అంటే ఓసెల్టమివిర్. అది మంచి మందే, జ్వరం మొదలైన 48 గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది, ఆయాసంతో హాస్పిటల్‌కి వచ్చిన పిల్లలకి ఆ గడువు దాటినా ఇస్తాం, టెస్ట్ రిజల్ట్ కోసం ఆగకుండా మొదలుపెడతాం. పూటకి ఒక డోసు చొప్పున రోజుకి రెండు, అయిదు రోజులు, ఎంత ఇవ్వాలన్నది బరువుని బట్టి. రెండేళ్ళలోపు పిల్లలు, ఆస్తమా, గుండె జబ్బు, ఫిట్స్ జబ్బు ఉన్న పిల్లలైతే తొందరగా ఆలోచిస్తాం. ఇంట్లో కొని దాచిపెట్టుకుని మీకు మీరే వేయడానికి అది క్రోసిన్ కాదు, డాక్టర్ చీటీ ఉంటేనే ఇవ్వాల్సిన మందు. ఇంకోటి, ఫ్లూ జ్వరానికి ఆస్పిరిన్, డిస్ప్రిన్ పిల్లలకి ఎప్పుడూ వేయొద్దు, లివర్, మెదడు దెబ్బతినే రేయ్ సిండ్రోమ్ వచ్చే ప్రమాదం ఉంది.

ప్రశ్న: ఫ్లూ టీకా ఏటా వేయించమని మా డాక్టర్ వెంటపడుతున్నాడు, రేటు చూస్తే గుండె గుభేల్‌మంటోంది. అంత ముఖ్యమైతే గవర్నమెంట్ ఫ్రీగా ఇచ్చేది కదా? ఫ్లూతో నిజంగా ఎంతమంది పిల్లలకి సీరియస్ అవుతోంది? ఇదంతా బిజినెస్ అని నా అనుమానం.
– ఒక రీడర్, విశాఖపట్నం

జవాబు: అనుమానం ఉండటం మంచిదే, లెక్కలు చూద్దాం. ప్రపంచం మొత్తం మీద 2018 సంవత్సరానికి వేసిన అంచనా ప్రకారం అయిదేళ్ళలోపు పిల్లల్లో దాదాపు 11 కోట్లసార్లు ఫ్లూ వచ్చింది. అందులో కోటి పైచిలుకు నిమోనియా లాంటి ఊపిరితిత్తుల జబ్బుగా మారాయి, 8 లక్షల 70 వేల దాకా హాస్పిటల్లో చేర్చాల్సి వచ్చింది, ఇంట్లో పోయినవాళ్ళని కూడా కలిపితే చావులు 35 వేల దాకా ఉంటాయి. అంటే ఫ్లూ వచ్చిన వందమందిలో తొంభైమందికి ఊపిరితిత్తుల దాకా పోనే పోదు, జగిత్యాల పెద్దమ్మ చెప్పినట్టు మంచిగనే అవుతారు. కానీ హాస్పిటల్లో పడ్డవాళ్ళలో దాదాపు నాలుగో వంతు ఆరు నెలల లోపు పసికందులే, హాస్పిటల్లో జరిగిన చావుల్లో మూడో వంతుకి పైన వాళ్ళవే, వాళ్ళకేమో టీకా వేయడానికే లేదు. ఆ హాస్పిటల్ చావుల్లో నూటికి 80కి పైగా మనలాంటి పేద, దిగువ మధ్య ఆదాయ దేశాల్లోనే. అదే వైరస్, తేడా అంతా ఆక్సిజన్ ఎంత త్వరగా అందింది అన్నదాంట్లోనే ఉంది.

ఇందులో మీకు పనికొచ్చే నిజం ఇంకోటి ఉంది, చాలామంది డాక్టర్లు చెప్పరు. పిల్లల నిమోనియా మొత్తంలో ఫ్లూది మొదటి స్థానం కాదు. వైరస్‌లలో ఆర్ఎస్‌వి దీనికన్నా పెద్దది, బాక్టీరియాల్లో న్యుమోకాకస్ ఉంది. 2019లో ప్రపంచంలో అయిదేళ్ళలోపు పిల్లలు 7 లక్షల 40 వేలమంది నిమోనియాతో పోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క, అందులో ఫ్లూ వాటా చిన్నదే. కాబట్టి గవర్నమెంట్ ముందు ఫ్రీగా ఇస్తున్నవి ఏవో చూడండి. 6, 10, 14 వారాలకి ఇచ్చే పెంటావాలెంట్‌లో హిబ్ అనే నిమోనియా బాక్టీరియాకి టీకా ఉంది. న్యుమోకాకస్ టీకా పీసీవీ 6 వారాలకి, 14 వారాలకి, 9 నెలలకి, మన రెండు రాష్ట్రాల్లో 2021 నుంచి ఫ్రీగా ఇస్తున్నారు, అంతకుముందు అది కూడా వేలు పోసి వేయించుకున్నదే. ఫ్లూ వెనకాల దిగే ఆ బాక్టీరియాని సగం దారిలో ఆపేది ఈ పీసీవీనే. మీజిల్స్ టీకా కూడా అంతే, తట్టు వెనకాల వచ్చే నిమోనియా మహా చెడ్డది. ఇవన్నీ సరైన టైముకి పడ్డాయా అని కార్డు తీసి చూసుకున్నాకే ఫ్లూ టీకా గురించి మాట్లాడండి, ఇది నా లెక్క.

ఇక ఫ్లూ టీకా. పిల్లల డాక్టర్ల సంఘం, అదే ఐఏపీ, ఆరు నెలల నుంచి అయిదేళ్ళ దాకా పిల్లలందరికీ ఏటా వేయమంటోంది. ప్రభుత్వ టీకాల పట్టికలో ఇంకా లేదు. ఎందుకు ఏటా అంటే వైరస్ ఏటా వేషం మారుస్తుంది, టీకాలో ఏ రకాలు పెట్టాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు చెప్తుంది. బాగా కుదిరిన ఏడాది కూడా అది నూటికి 40 నుంచి 60 దాకా కాపాడుతుంది, నూటికి నూరు కాదు. మొదటిసారి వేయించే పిల్లలకి నాలుగు వారాల తేడాతో రెండు డోసులు, ఆ తర్వాత ఏటా ఒకటి. మన దగ్గర ఫ్లూ వానాకాలంలో ఒకసారి, జనవరి నుంచి మార్చి లోపు ఇంకోసారి లేస్తుంది, 2023 మొదట్లో హెచ్3ఎన్2 అని పేపర్లన్నీ మోగిపోయాయి గుర్తుందా, అందుకని వానలకి ముందు వేయించడం మంచిది, తప్పిపోతే ఇప్పుడైనా పర్లేదు. డబ్బుకి ఇబ్బంది అయితే, నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు, ఆస్తమా, గుండె జబ్బు, సికిల్ సెల్ లాంటివి ఉన్న పిల్లలకి అప్పు చేసైనా వేయించమంటాను, మిగతావాళ్ళు వీలుని బట్టి. అన్నట్టు గుడ్డు పడని పిల్లలకి కూడా వేయొచ్చు, ఆ భయం పాతది.

బిజినెస్ అన్నారు కాబట్టి ఇంకొక్కటి. 2009 మేలో దేశంలో మొదటి స్వైన్ ఫ్లూ కేసు తేలింది మన హైదరాబాద్‌లోనే, అమెరికా నుంచి దిగిన కుర్రాడికి. ఆ ఏడాది వానాకాలం నేను పిల్లల వార్డులో పీజీని. పద్నాలుగు నెలల పాప, కాలి బొటనవేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు ప్లాస్టర్ వేసి అంటించాం, చీకట్లో దుప్పటి కింద నుంచి ఆ వేలు ఎర్రగా వెలుగుతుండేది, మెషీన్ మీద అంకె 84. ఆక్సిజన్ పెడితే 93కి వచ్చేది, పాప గొట్టం లాగేస్తే మళ్ళీ 85, 84. వాళ్ళ నాన్న మేస్త్రీ, చదువు లేదు, కానీ రెండో రోజుకి ఆ అంకెలు చదవడం నేర్చేసుకున్నాడు, నైంటీ దాటిందా సార్, దాటిందా సార్ అని అడిగేవాడు. పాప ఇంటికి వెళ్ళింది. వెళ్ళేనాటికి ఆయన పదిరోజుల కూలీ పోయింది, తల్లి మెడలో పసుపుతాడు మాత్రమే మిగిలింది. ఇలాంటివి ఆ లక్షల లెక్కల్లో ఎక్కడా కనపడవు, అందుకని చెప్తున్నా.

ప్రశ్న: నేను ఆశా కార్యకర్తని. మా గూడేలకి వానాకాలం బండి రాదు. పిల్లకి ఆయాసమా, ఒట్టి జలుబా అని చెప్పడానికి నా దగ్గర ఉన్నది ఒక వేలి ఆక్సిమీటర్, అది పసిపిల్లలకి పెడితే ఒకసారి 97, ఒకసారి 78 చూపిస్తుంది. ఏది నమ్మాలి?
– ఒక చెల్లెలు, ఆసిఫాబాద్ జిల్లా

జవాబు: పెద్దవాళ్ళ వేలికి చేసిన క్లిప్పు అది, పసివేలికి వదులై జారిపోతుంది, కాళ్ళు చల్లగా ఉన్నా, పిల్ల కదిలినా తప్పు చూపిస్తుంది. పిల్లలకి వేరే క్లిప్పు ఉంటుంది, పీహెచ్‌సీలో అడుగు. ఉన్నదాంతోనే చూడాలంటే పాదం రుద్ది వెచ్చచేసి బొటనవేలికి పెట్టి, పల్స్ అంకె నిలకడగా ఉన్నాకే ఆక్సిజన్ అంకె చదువు. 90 కన్నా తక్కువ నిలకడగా చూపిస్తే హాస్పిటల్‌కి పంపెయ్యి. అంకె గెంతులేస్తుంటే మెషీన్ పక్కన పెట్టి ఊపిరి లెక్కపెట్టు, పక్కటెముకలు చూడు, నీ కళ్ళు దానికన్నా నయం.

నీకు ఊరట కలిగించే ముచ్చట ఒకటి. మీ జిల్లా నుంచి ప్రాణహిత దాటితే గడ్చిరోలి. అక్కడ డాక్టర్ అభయ్ బంగ్, రాణి బంగ్ దంపతులు 1980ల చివర్లో ఊరి మంత్రసానులకి, చదువుకోని ఆడవాళ్ళకి నిమోనియా కనిపెట్టడం నేర్పారు. యాభై దాకా లెక్కపెట్టడం రానివాళ్ళకి ఎలా? చిన్న చెక్కకి పూసలు గుచ్చిన తీగలు, పక్కన ఒక నిమిషంలో జారిపోయే ఇసుక గడియారం. పది ఊపిర్లకి ఒక పూస పక్కకి జరపాలి, ఇసుక అయిపోయేలోపు ఎర్రపూస జరిగిందంటే నిమోనియా. రెండు నెలల లోపు పిల్లలకి ఒక వరస, అంతకన్నా పెద్ద పిల్లలకి ఇంకో వరస. అలా కనిపెట్టి అక్కడికక్కడే యాంటీబయాటిక్ ఇప్పిస్తే ఆ ఊళ్ళలో పిల్లల చావులు బాగా తగ్గాయి, 1990లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. నీకు లెక్కలొచ్చు, చేతిలో ఫోనుంది.

ఊపిరి వేగంగా ఉండి ఇంకే ప్రమాద గుర్తూ లేకపోతే ఎఎన్ఎం దగ్గరున్న నీళ్ళలో కరిగే అమాక్సిసిలిన్ మాత్రతో ఇంట్లోనే చూడొచ్చు, రెండో రోజు మళ్ళీ వెళ్ళి చూడాలి. పాలు తాగని పిల్లని, మగతగా ఉన్న పిల్లని మాత్రం మొదటి డోసు వేసి పంపడమే, వాగు పొంగే రోజుల్లో అయితే పొద్దున్న కనిపించిన గుర్తుకి సాయంత్రం దాకా ఆగొద్దు. కట్టెల పొయ్యి దగ్గర ఒళ్ళో పిల్లని పెట్టుకుని వండే తల్లులకి పిల్లని ఇంకొకరికి ఇచ్చి వండమని చెప్పు, వినరు, అయినా చెప్పు.

ప్రశ్న: ఇంట్లో నెబ్యులైజర్ కొనుక్కుంటే నిమోనియా రాకుండా ఉంటుందా?
– నిజామాబాద్

జవాబు: ఉండదు. అది పిల్లికూతలకి, ఆస్తమాకి. మీవాడికి ఆస్తమా లేకపోతే ఆ డబ్బుతో ఫ్లూ టీకా వేయించండి.

ప్రశ్న: మేం డల్లాస్‌లో ఉంటాం. బాబుకి అక్టోబర్ 15కి ఆరు నెలలు నిండుతాయి, డిసెంబర్ మొదటి వారంలో విజయవాడ వస్తున్నాం, ఎనిమిదో నెలలో అన్నప్రాసన అక్కడే, మూడొందల మందిని పిలుస్తున్నారు. పాపకి నాలుగేళ్ళు. ఇక్కడ ఫ్లూ షాట్ తీసుకుని వస్తే అక్కడ పనిచేస్తుందా, వచ్చాక మళ్ళీ వేయించాలా?
– ఒక తండ్రి

జవాబు: అక్కడే వేయించుకుని రండి, మళ్ళీ ఇక్కడ అక్కర్లేదు. మీరున్నచోట కూడా తేలిగ్గా తీసుకోవద్దు, 2024-25 సీజన్‌లో అమెరికాలో కనీసం 280 మంది పిల్లలు ఫ్లూతో పోయారు, టీకాకి వయసు వచ్చిన పిల్లల్లో పదిమందికి తొమ్మిదిమంది పూర్తిగా వేయించుకోనివాళ్ళే. సగానికి కాస్త తక్కువమందికి ముందునుంచి ఏ జబ్బూ లేదు.

తేదీలు మీకు భలే కుదిరాయి. అక్టోబర్ 15 తర్వాత మొదటి అపాయింట్‌మెంట్‌కి బాబుకి ఒక డోసు, నాలుగు వారాలకి నవంబర్ మధ్యలో రెండోది, ఆ తర్వాత రెండు వారాలకి టీకా పట్టు దొరుకుతుంది, మీరు విమానం ఎక్కేసరికి సరిపోతుంది. పాపకి ఇంతకుముందు రెండు డోసులు పడి ఉంటే ఈసారి ఒకటి చాలు. అక్టోబర్ దాకా బాబుకి కవచం మీరే, ఫ్లూ టీకా అక్కడ రాగానే మీరిద్దరూ, పాప వేయించుకోండి, తల్లిపాలు ఆపకండి. గర్భంతో ఉన్నప్పుడే తల్లి వేయించుకుంటే పుట్టిన బిడ్డకి మొదటి ఆరు నెలలూ కొంత రక్షణ దొరుకుతుంది, మీకు ఆ టైము దాటింది గానీ చదివేవాళ్ళలో ఎవరైనా ఉంటారని రాస్తున్నా.

ఇక్కడ నాన్నమ్మ, తాతయ్య, అమ్మమ్మలకి నవంబర్‌లోనే టీకా వేయించమని ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి, మీరొచ్చాక చెప్తే ఫంక్షన్ హడావిడిలో ఎవరూ వినరు. మూడొందల మందిని వద్దనమని నేను చెప్పలేను, చెప్పినా మీ నాన్నగారు ఒప్పుకోరు. బాబు ముందు పుస్తకం, పెన్ను, బంగారం, కత్తి అన్నీ పెట్టండి, దగ్గుతూ వచ్చిన మేనమామకి మాత్రం పాయసం స్పూను చేతికివ్వకండి, దూరం నుంచి వీడియో తీయమనండి.